చదువు, జీతం, మూడు సెంట్ల స్థలం

కనిగిరి వైపు ఒక పల్లె నుంచి ఒక పాస్టరుగారు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. మిగతాది కుదించి చెబుతాను.

ఆయనకు ముప్పై ఆరేళ్లు. పదో తరగతితో చదువు ఆగింది. తాపీ మేస్త్రీ. ఇప్పటికీ వారంలో మూడు రోజులు పనికి వెళ్తారు. మామగారు ఉపదేశిగా, అంటే పల్లె సంఘానికి బోధకుడిగా ఉండి వేసిన రేకుల షెడ్డు మందిరాన్ని, ఆయన పోయాక తొమ్మిదేళ్లుగా ఈయన నడుపుతున్నారు. నలభై కుటుంబాలు. ఆదివారం కానుక ఆరేడు వందలు. మందిరం ఉన్న మూడు సెంట్ల స్థలం సంఘంలోని ఒక పెద్దావిడది. ఎప్పుడో నోటిమాటగా ఇచ్చి, తర్వాత తెల్లకాగితం మీద వేలిముద్ర వేశారట.

ఈ మధ్య ఒక జ్ఞాపకార్థ కూడికలో, హైదరాబాదు నుంచి వచ్చిన బీటెక్ కుర్రాడు, సంఘంలో పుట్టి పెరిగినవాడే, అందరి ముందూ అడిగాడు: "అన్నా, మత్తయిలో యోసేపు తండ్రి యాకోబు అని ఉంది, లూకాలో హేలీ అని ఉంది. ఏది నిజం?" ఈయన "అది దేవుని మర్మం బాబూ" అన్నారు. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత మూడు రాత్రులు నిద్ర పట్టలేదని రాశారు.

అంతలో ఒక మిషను సంస్థ నుంచి కబురు వచ్చింది. హైదరాబాదు దగ్గర రెండేళ్ల బైబిల్ ట్రైనింగు. కుటుంబంతో ఉండడానికి గది, భోజనం ఉచితం, నెలకు ఆరువేలు. చివర్లో ఆర్డినేషను, అంటే పాస్టరుగా అధికారికంగా నియమించడం. బదులుగా సంఘం వాళ్ల పేరు కిందికి రావాలి, మందిరం స్థలం వాళ్ల సొసైటీకి గిఫ్ట్ డీడు చేయాలి, నెలనెలా ఎందరికి బాప్తిస్మం ఇచ్చారో ఫోటోలతో రిపోర్టు పంపాలి. వచ్చే నెలాఖరులోగా జవాబు కావాలన్నారు.

సంఘపెద్దల్లో ఒకరు "పేతురు ఏ కాలేజీలో చదివాడు?" అంటున్నారు. ఇంకొకరు "ముందు సంతకం పెట్టు, స్లాబు వేయిస్తారు" అంటున్నారు. భార్య ఏమీ అనడం లేదు. ఆమె ఇంటర్ పాసైందని, తన ప్రసంగం నోట్సు ఆమే రాసి పెడుతుందని ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు. ఆఖరి పేజీలో మరో మాట: పాప సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతోంది, కులం సర్టిఫికెట్ పాత ఎస్సీదే, ఆర్డినేషను అయితే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. "వెళ్లాలా మానాలా, దేవుని చిత్తం ఏదో చెప్పండి అక్కా" అని ముగించారు.

తమ్ముడూ,

దేవుని చిత్తం ఫలానా అని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ ధైర్యం ఉన్నవాళ్లు యూట్యూబ్‌లో కావలసినంతమంది దొరుకుతారు. మా నాన్న కూడా ఉపదేశే. నేను ఇరవై రెండేళ్లు పల్లె పాస్టర్ల ట్రైనింగులో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆ కళ్లతో మీ ఉత్తరం చదివితే, మీరు అడిగిన ఒక్క ప్రశ్నలో మూడు కనిపించాయి. మీ చదువు ఒకటి, మీ జీతం ఒకటి, ఆ మూడు సెంట్ల స్థలం ఒకటి. మిషను వాళ్లు మూడింటినీ ఒకే మూట కట్టి మీ ముందు పెట్టారు. మూట మొత్తం ఎత్తుకోవాలా, మొత్తం వదిలేయాలా అని మీరు నలిగిపోతున్నారు. ముడి విప్పి చూడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ముందు ఆ కుర్రాడి నవ్వు సంగతి తేలుద్దాం, ఎందుకంటే మీరు వెళ్లాలనుకుంటున్నది ఆరువేల కోసం కాదు, ఆ నవ్వు వల్ల.

యేసు వంశావళిలో మరియ భర్త యోసేపుకు తండ్రి ఎవరన్నది చాలా పాత ప్రశ్న. మూడో శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానుస్ అనే రచయిత దానికి జవాబు రాశాడు. ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో, అన్నదమ్ముల్లో ఒకడు సంతానం లేకుండా చనిపోతే రెండోవాడు ఆ విధవను చేసుకుని చనిపోయినవాడి పేరు నిలబెట్టాలని ఉంది కదా. ఆ లెక్కన యోసేపుకు కన్నతండ్రి ఒకరు, ధర్మశాస్త్రం ప్రకారం తండ్రి ఇంకొకరు అని ఆయన వాదం. లూకా రాసింది మరియ వైపు వంశావళి అని ఇంకొందరంటారు. మత్తయి అబ్రాహాముతో మొదలుపెట్టి పద్నాలుగేసి తరాలుగా పేర్చాడు, లూకా వెనక్కి నడిచి ఆదాము దాకా వెళ్లాడు, ఇద్దరి ఉద్దేశాలు వేరు అని ఈ కాలం పండితులు చూపిస్తారు. అందరూ ఒప్పుకున్న జవాబంటూ లేదు.

ట్రైనింగంటే ఏమిటో చూపిద్దామని ఇంత రాశాను. మంచి ట్రైనింగు మీకు జవాబు బట్టీ పట్టించదు. ఈ ప్రశ్న ఎక్కడ పుట్టింది, ఎవరెవరు ఏమన్నారు, ఏ మాటకు ఎంత బరువుంది అని తూచడం నేర్పుతుంది. అది నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. కానీ "తెలియదు బాబూ, కనుక్కుని వచ్చేవారం చెబుతా" అనడానికి ఏ హాస్టల్లోనూ ఉండనక్కర్లేదు. ఆ కుర్రాడు నవ్వింది మీకు తెలియనందుకు అనుకోను. తెలియనిదానికి మర్మం అని పేరు పెట్టినందుకు. అతని ఫోన్ నంబరు మీ దగ్గర ఉండే ఉంటుంది.

ఇక పేతురు కాలేజీ. పెద్దాయన మీద కోపం వద్దు, ఆయన భయం వేరే. చదివిన పాస్టరు ఊళ్లో నిలవడని ఆయనకు తెలుసు. కానీ ఆ వాదన నిలవదు. పేతురు మూడేళ్లు వలలు వదిలేసి గురువు వెంట తిరిగాడు, అంతకన్నా గట్టి రెసిడెన్షియల్ కోర్సు నేనెక్కడా చూడలేదు. మీ ప్రాంతం చరిత్రే చూడండి. తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య ఏ సెమినరీ గడపా తొక్కలేదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టిన 1866 ప్రాంతంలోనే ఈయన బాప్తిస్మం తీసుకుని, ఒంగోలుకు పడమటి పల్లెల్లో తనవాళ్ల మధ్య తిరిగి చెప్పుకుంటూ పోయాడు. పెద్ద కరువు తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగుతూ, పొద్దు వాలేదాకా ఇచ్చారు.

అయితే పేరయ్య లాంటివాళ్లు కళ్లముందే ఉన్నా, క్లౌ దొర మిషను వాళ్లు 1870ల్లోనే రామాయపట్నంలో సెమినరీ పెట్టారు. ఇప్పుడు పోర్టు కడుతున్న ఆ రామాయపట్నమే. పల్లెల్లో ఉన్న బోధకులు మూడు నెలలకోసారి ఒంగోలు వచ్చి కలుసుకుని, నేర్చుకుని, మళ్లీ ఎవరి ఊరికి వాళ్లు పోయేవారు. హాస్టలు చదువూ ఉంది, వచ్చిపోయే చదువూ ఉంది. ఈ రెండో పద్ధతి ఉందని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు, మిషను వాళ్లు కూడా.

నా క్లాసులో జరిగింది ఒకటి చెబుతాను. రేకుల షెడ్డు, జూన్ నెల, భోజనాలయ్యాక క్లాసు. ఇరవై మంది పాస్టర్లు. సగం మంది తెల్లవారుజామున పొలం పని చూసుకుని బస్సెక్కినవాళ్లు, కళ్లు మూతలు పడుతున్నాయి. నేను లూకా 15వ అధ్యాయం, తొంభై తొమ్మిదిటిని వదిలి తప్పిపోయిన ఒక్క గొర్రెను వెతకబోయిన కాపరి గురించి నలభై నిమిషాలుగా దంచుతున్నాను. గ్రీకు మాటలు రెండు బోర్డు మీద రాశాను కూడా. వెనక బెంచీలో ఒకాయన, అట్ట ఊడిన బైబిలుకు రబ్బరు బ్యాండు వేసుకున్న మనిషి, చెయ్యెత్తాడు. "అమ్మగారూ, మిగతా తొంభై తొమ్మిదిటిని ఎవరికి అప్పజెప్పి వెళ్లాడు?" అన్నాడు. నేను తెల్లమొహం వేశాను. "నేను గొర్రెలు కాసినోణ్ణమ్మా. అడవిలో మంద వదిలి ఎవడూ పోడు. పక్క కాపరిని 'కాస్త చూస్తా ఉండు' అని పోతాడు. లేకపోతే తిరిగొచ్చేసరికి ఒక్కటే మిగులుద్ది, భుజం మీదున్నది." షెడ్డంతా నిద్ర లేచింది.

ఆ తర్వాత నేను పాఠం చెప్పే తీరే మార్చుకున్నాను. మీకు చెప్పడానికి కారణం వేరే. రెండేళ్లు వెళ్లేమాటైతే మీ తొంభై తొమ్మిదిని ఎవరికి అప్పజెబుతారు? ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క లేదు.

కుటుంబంతో సహా రెండేళ్లు వెళ్తే ఏమవుతుందో చెబుతాను. మంచి ముందు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదువే పనిగా ఉండే అదృష్టం మీ బతుకులో మళ్లీ రాకపోవచ్చు. లైబ్రరీ ఉంటుంది. తప్పు చెబితే దిద్దే మనిషి ఎదురుగా ఉంటాడు. ఇతర జిల్లాల పాస్టర్లు స్నేహితులవుతారు, కష్టంలో వాళ్లే ఫోనెత్తుతారు. ఇక రెండో వైపు. రెండేళ్లు కాపరి లేని నలభై కుటుంబాల్లో ఎన్ని మిగులుతాయి? ఊరి మొదట్లో ఇంకొకరు ఫ్లెక్సీ కట్టడానికి రెండు నెలలు చాలు. తాపీ పనికి రెండేళ్లు దూరమైతే మీ వాడుకదార్లు వేరే మేస్త్రీని చూసుకుంటారు. ఇంకోటి, చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది. మేం చదువు చెప్పి పంపినవాళ్లలో చాలామంది మళ్లీ పల్లెలో నిలవలేదు. టౌన్లో సంఘం చూసుకున్నారు. వాళ్లను తప్పుపట్టను, టౌన్లో చెల్లే మాట తీరు మేమే నేర్పాం. మీ పెద్దాయన భయానికి అర్థం ఉంది.

ఊళ్లోనే ఉండి చదవడం ఇంకో దారి. 1963లో గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీ వాళ్లకు ఇదే చిక్కు వచ్చింది. పట్నంలో చదివిన కుర్రాళ్లు పల్లెలకు పోవడం లేదు, పల్లెల్లో నిజంగా సంఘాలు నడుపుతున్న పెద్దలు పొలం, పిల్లల్ని వదిలి పట్నం రాలేరు. అందుకని టీచర్లే పల్లెల వైపు ప్రయాణం కట్టారు. పాఠం ఇంట్లో చదువుకోవడం, వారానికోసారి దగ్గరి కేంద్రంలో కలిసి మాట్లాడుకోవడం. మన దేశంలో ఈ పద్ధతికి 1971లో బెంగళూరు కేంద్రంగా ఒక సంస్థ ఏర్పడింది. ఇప్పుడు ఇలాంటి ఎక్స్‌టెన్షన్ కోర్సులు చాలా సంస్థలు నడుపుతున్నాయి. తెలుగులో పాఠాలున్నాయా, మీకు దగ్గర్లో కేంద్రం ఉందా అన్నది కనుక్కోవాలి.

ఇది తేలికని చెప్పను. రోజంతా ఇటుక మోసి రాత్రి తొమ్మిదింటికి పుస్తకం తెరిస్తే రెండో పేజీకి నిద్రొస్తుంది. ఒంటరిగా మొదలుపెట్టినవాళ్లు మూడో పాఠం దగ్గర ఆగిపోవడం ఎన్నోసార్లు చూశాను. నలుగురైదుగురు కలిస్తేనే నడుస్తుంది. మీ మండలంలో మీలాంటివాళ్లు నలుగురైనా ఉండరా? బాప్తిస్మం ముంచి ఇవ్వాలా, చిలకరించాలా అన్న వాదన గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి, సోమవారం పూట ఒకరింట్లో కూర్చోండి. దానితోపాటు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇంటర్ కట్టండి. వేదాంత డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేటు కింద ఉన్న కాలేజీలో బీటీహెచ్ చదవాలంటే మామూలుగా ఇంటర్ అడుగుతారు, దాని పైదైన బీడీకి డిగ్రీ అడుగుతారు. మీకు పిలుపు వచ్చిన రెండేళ్ల ట్రైనింగు చివర ఇచ్చే కాగితానికి బయట ఎక్కడైనా విలువ ఉందో లేదో అడిగారా? లేకపోయినా చదువు చదువే, కానీ తెలిసి వెళ్లడం వేరు. పనిలో పనిగా ఒక మాట: ఎవరైనా ఫోన్ చేసి పదిహేను వేలు కడితే గౌరవ డాక్టరేటు, టోపీ, గౌను అంటే నంబరు బ్లాక్ చేయండి. రెవరెండ్ డాక్టరు అని ఫ్లెక్సీ వేయించుకున్నవాళ్లను ఆ బీటెక్ కుర్రాడు గూగుల్లో వెతకడానికి ఒక్క నిమిషం చాలు.

మూడు రోజుల సెమినార్లనే ట్రైనింగు అనుకునేవాళ్లూ ఉన్నారు. బ్యాగు, పెన్ను, బిర్యానీ పొట్లం, బ్యానరు ముందు ఫోటో. వెళ్లిరండి, బిర్యానీ బాగుంటుంది.

ఇక జీతం. నెలకు ఆరువేలు రెండేళ్లు ఇస్తారు, సరే. మూడో ఏడు ఏమిటి? ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో కూడా అడగండి, అందులో మర్యాద తప్పిందేమీ లేదు. విదేశాల నుంచి వచ్చేదైతే విదేశీ విరాళాల చట్టం 2020లో బాగా బిగిసింది. అంతకుముందు ఒక పెద్ద సొసైటీ బయటి విరాళం తెచ్చుకుని చిన్న సంస్థలకు పంచేది. ఇప్పుడు అలా ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. బయటి డబ్బంతా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, సంస్థకు కేంద్ర హోంశాఖ రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. ఆ దెబ్బకు నాకు తెలిసిన రెండు ట్రైనింగు సెంటర్లు కోర్సు మధ్యలో మూతబడ్డాయి. ఊళ్లలో సంఘాలు వదిలి వచ్చిన కుటుంబాలు పెట్టెలు సర్దుకుని బస్టాండులో కూర్చున్నాయి. మీ వ్యక్తిగత ఖాతా నంబరు ఇస్తే నేరుగా పంపిస్తాం అని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోవద్దు. సేవ పేరుతో అలా బయటి డబ్బు తీసుకుంటే చిక్కుకునేది మీరు.

బాప్తిస్మాల రిపోర్టు గురించి నా అభిప్రాయం దాచుకోను. నాకది నచ్చదు. నెలకు ఇన్ని అని లెక్క అడిగితే లెక్క వస్తుంది, మనుషులు రారు. పాత ఫోటోలే అటు తిప్పి ఇటు తిప్పి పంపిన పాస్టరు నా ముందు కూర్చుని ఏడ్చాడు. పైగా ఆ ఫోటోల్లో ఉన్నవాళ్లను ఎవరు అడిగారు? వాళ్ల ముఖాలు ఎక్కడెక్కడ తిరుగుతాయో వాళ్లకు తెలియాలి కదా. లెక్క బదులు చదివిన పాఠాల మీద, సంఘం జమాఖర్చుల మీద రిపోర్టు ఇస్తానని అడిగి చూడండి. ఒప్పుకుంటే మంచి మిషను. ఒప్పుకోకపోతే, వాళ్లకు కావలసింది చదివిన పాస్టరు కాదని తెలిసిపోతుంది.

మీకు ఇప్పుడు జీతం ఇస్తున్నది ఎవరు? మీ చేతిలోని తాపీ. పౌలు డేరాలు కుట్టాడని ప్రసంగాల్లో చెబుతాం గానీ, మేస్త్రీ పని చేసే పాస్టరును చిన్నచూపు చూస్తాం. ప్రభుత్వం ఇచ్చే ఐదువేల గౌరవ వేతనం వస్తే సంతోషం. దాని మీద ఇల్లు నడపలేమని వచ్చినవాళ్లే చెబుతారు. వారంలో రెండు రోజుల కూలి సంఘమే భరించి, ఆ రెండు రోజులు మీరు చదువుకునేలా చేయగలదా? నలభై ఇళ్లు, ఇంటికి వారానికి ముప్పై రూపాయలు వేసుకుంటే పన్నెండు వందలు. పైకం లేని ఇంట్లో పిడికెడు బియ్యం. మా నాన్న జీతంలో సగం ఆ బియ్యమే. అలా చదివిస్తే ఆ చదువు తమదని సంఘం అనుకుంటుంది. అయితే ఒకటి: ఇచ్చినవాళ్లు లెక్కా అడుగుతారు. ఆదివారం ప్రసంగం బాగోలేకపోతే "మా ముప్పై రూపాయలు" అంటారు. పడాలి.

స్థలం సంగతి దగ్గర మాత్రం కాస్త కఠినంగా మాట్లాడతాను. ఆ స్థలం మీది కాదు, తమ్ముడూ. మీ మామగారిదీ కాదు. వేలిముద్ర వేసిన తెల్లకాగితం రిజిస్టరు కాలేదు కాబట్టి సంఘానిదీ కాలేదు. చట్టం లెక్కలో అది ఇప్పటికీ ఆ పెద్దావిడదే. మిషను వాళ్లు సంతకం అడగాల్సింది ఆమెను. ఒకసారి గిఫ్ట్ డీడు రిజిస్టరై వాళ్లు స్వీకరించాక, మనసు మారింది, వెనక్కి ఇవ్వండి అంటే కుదరదు. రేపు మీకూ ఆ మిషనుకూ చెడితే బయటికి నడిచేది మీరూ ఆ నలభై కుటుంబాలూను. మందిరాల తాళాల కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్న సంఘాలు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మీరూ చూశారు.

అది ఆమెకు ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలమైతే ఇంకో మెలిక ఉంది. అసైన్డ్ భూముల బదిలీని నిషేధిస్తూ 1977లో చట్టం వచ్చింది, తర్వాత సవరణలూ వచ్చాయి. సర్వే నంబరు పట్టుకుని సబ్-రిజిస్ట్రారు ఆఫీసులోనో తహసీల్దారు ఆఫీసులోనో కనుక్కోకుండా ఎవరూ ఏ కాగితం మీదా వేలు పెట్టొద్దు.

మిషనుకు ఇవ్వకుండా సంఘమే రక్షించుకునే మార్గం ఉంది. కనీసం ఏడుగురు సభ్యులుంటే 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసుకోవచ్చు. పెద్దావిడకు ఇష్టమైతే ఆ సొసైటీ పేరున రాస్తారు. దీనికీ ఖరీదుంది. స్టాంపుల ఖర్చు, ఏటా లెక్కలు, మీటింగులు. అంతకన్నా పెద్దది, రేపు ఆ కమిటీకీ మీకూ పడకపోతే "అయ్యగారూ, మీరు వెళ్లండి" అని వాళ్లే అనొచ్చు. మామగారి మందిరం అన్న మాట ఆ రోజుతో పోతుంది. అది మీకు ఇబ్బందేనా? నిజాయితీగా ఆలోచించండి. నాకైతే ఆ ఇబ్బంది మంచిదే అనిపిస్తోంది.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన మనిషి దగ్గరికి వస్తాను. మీ భార్య, నాకు చెల్లెలి లాంటిది, ఇంటర్ పాసైంది, మీ ప్రసంగం నోట్సు ఆమే రాస్తుంది. అంటే పై చదువుకు అర్హత మీ ఇంట్లో ముందు ఆమెకుంది. రెండేళ్లు గదిలో ఉండి వంట చేసి, పిల్లల్ని చూసుకుని తిరిగి రావడానికా ఆమె వచ్చేది? దోర్నకల్‌లో అజరయ్య బిషప్పుగారు, 1912లో మన దేశంలో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయిన మనిషి, పల్లెలకు పంపే ఉపదేశుల్ని భార్యలతో సహా పిలిపించి చదివించేవారు. ఆయన భార్య అన్బు అమ్మగారు ఆ ఆడవాళ్లకు పాఠాలు చెప్పేవారు. సంఘాన్ని మోసేది ఇద్దరని వాళ్లకు తెలుసు. అపొల్లో అంతటి విద్వాంసుణ్ణి ఇంటికి తీసుకెళ్లి "మరి పూర్తిగా" వివరించింది ప్రిస్కిల్ల, అకుల దంపతులు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం, పేర్ల వరసలో ఆమె పేరే ముందుంది.

ఆమెను పాస్టరు చేయమని నేననడం లేదు, ఆ గొడవ మీ సంఘం తేల్చుకోవాలి. మిషను వాళ్లను అడగండి: నా భార్యకూ క్లాసులున్నాయా, సర్టిఫికెట్ ఉందా, పిల్లల్ని చూసేవాళ్లున్నారా? లేవంటే ఆరువేలకు ఇద్దరి పని తీసుకుంటున్నారన్నమాట. ఇంకో దారి కూడా ఉంది, మీకు వింతగా అనిపించొచ్చు. మీరు ఊళ్లోనే ఉండి ఎక్స్‌టెన్షన్‌లో చదవండి, ఆమె కూడా అదే పుస్తకం చదువుతుంది. మీకు అర్థంకాని పాఠం రాత్రి ఆమె చెబుతుంది. నోట్సు ఇప్పటికే రాస్తోంది కదా. మీరొక్కరే వెళ్లి, ఆమె సంఘాన్ని చూసుకునే మార్గం కూడా ఆలోచించి ఉంటారు. అది కొందరు చేశారు. నడిచింది కూడా. కానీ ఆ రెండేళ్లూ అర్ధరాత్రి ఎవరికో జ్వరమని తలుపు కొడితే ఒంటరి ఆడమనిషి వెళ్లాలి, ఊరి నోటికీ ఆమే జవాబు చెప్పాలి. ఆమె మౌనంగా ఉందన్నారు. అడిగి కూర్చోండి, జవాబు వచ్చేదాకా లేవొద్దు.

పాప సర్టిఫికెట్ గురించి. ఈ సమస్య ట్రైనింగుతో వచ్చింది కాదు, తొమ్మిదేళ్లుగా ఉన్నదే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మతం మారితే అంటరానితనం ఊరి పొలిమేర దాటిపోదని మీకూ నాకూ తెలుసు, ఆ పోరాటం ఇంకా నడుస్తోంది. కానీ ఈరోజు చట్టం అది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవ్యంలోకి మారి ఏళ్ల తరబడి పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని చెప్పింది. ఆర్డినేషను కాగితం లేకపోయినా ఊరంతా మిమ్మల్ని అయ్యగారూ అనే పిలుస్తోంది. ఎస్సీల నుంచి వచ్చిన క్రైస్తవులకు మన రాష్ట్రంలో బీసీ-సి వర్గం ఉంది, ఒక్క శాతం రిజర్వేషను. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో బీసీ-సి పిల్లలకు విడిగా కొన్ని సీట్లున్నాయి. మార్చుకుంటే పాప ముందుముందు పోగొట్టుకునేది తక్కువేమీ కాదు. మార్చుకోకపోతే ఎవరో ఒకరు ఫిర్యాదు చేసిన రోజు డిగ్రీ మధ్యలో ఆగొచ్చు. రెండింటిలో ఏది భరించగలరో మీరిద్దరే చూసుకోవాలి. దీని గురించి మిషను వాళ్లను కాదు, ఒంగోలులో మంచి వకీలును కలవండి. అక్కడ ఏ ఫారం నింపినా కులం, మతం గడుల్లో ఏం రాస్తున్నారో ఇంటికొచ్చి చెల్లెమ్మకు చూపించాకే ఇవ్వండి.

నెలాఖరు గడువన్నారు. గడువు వాళ్లది, మీది కాదు. ఒక ఉత్తరం రాయండి: చదువుకోవాలని నాకు ఉంది, స్థలం సంగతి సంఘానిది కాబట్టి దాన్ని ఈ ట్రైనింగుతో కలపలేను, భార్యకు క్లాసులు, మూడో ఏడాది పరిస్థితి, రిపోర్టు పద్ధతి మీద మీ జవాబు వచ్చాక నిర్ణయం చెబుతాను. ఇంతే. స్థలం రాసివ్వకపోతే సీటు లేదంటే అప్పుడు మీ ముందు ఎక్స్‌టెన్షన్ దారి ఉండనే ఉంది, ఆలస్యమైనా. ఇస్తామంటే సంఘాన్ని కూర్చోబెట్టి, రెండేళ్లు ఎవరు నడుపుతారో తేల్చుకుని వెళ్లొచ్చు.

అంతకన్నా ముందు ఆ పెద్దావిడ ఇంటికి మీరిద్దరూ కలిసి వెళ్లండి. ఉత్తరంలో పెద్దలు ఏమన్నారో రాశారు, మిషను వాళ్లు ఏమన్నారో రాశారు. ఆవిడ ఏమందో రాయలేదు. అసలు ఎవరూ అడగలేదేమో. ఆ తెల్లకాగితం నకలు, మిషనుకు రాసిన ఉత్తరం చిత్తుప్రతి నాకు పంపండి, చూసి పెడతాను. ఫోటో తీసేటప్పుడు సర్వే నంబరు కనపడేలా తీయండి, ఉత్తరంతో పాటు పంపిన ఫోటోలో వేలు అడ్డం వచ్చింది.